సిలబస్ తెరవకుండా బ్రాంచ్ ఎంచుకోవద్దు

ర్యాంకు వచ్చిన రోజు నుంచి ఇంట్లో సలహాలకు కొదవ ఉండదు. పెదనాన్న ఒక బ్రాంచ్ పేరు చెబుతారు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే బావ ఇంకొకటి చెబుతాడు. కోచింగ్ సెంటర్ సార్ రెండూ వద్దంటారు. వెబ్ ఆప్షన్లకు గడువు దగ్గర పడుతుంటుంది. ఈ హడావిడిలో మీరు ఎవరితోనూ అనలేని మాట ఒకటి లోపల ఉండిపోతుంది: "నాకు ఏది ఇష్టమో నాకే తెలియదు."

తెలియకపోవడంలో తప్పేముంది? పద్దెనిమిదేళ్లకు మీరు గట్టిగా చదివింది మూడు సబ్జెక్టులు. ఎండలో నిలబడి సర్వే చేయలేదు. మోటారు విప్పి వైండింగ్ చూడలేదు. రెండు వందల లైన్ల ప్రోగ్రాంలో ఒక్క తప్పు కోసం రాత్రంతా వెతకలేదు. చేసి చూడని పని ఇష్టమో కాదో ఎవరైనా ఎలా చెప్పగలరు?

అందుకే ఈ అధ్యాయంలో "మీ ప్యాషన్ ఏమిటి?" అని అడగను. ఆ ప్రశ్నకు జవాబు లేక ఎంతోమంది పిల్లలు తమలోనే ఏదో లోపం ఉందనుకుంటున్నారు. దాని బదులు ఇంకో ప్రశ్న వేసుకుందాం. ఏ పనిలో పడే కష్టాన్ని మీరు మళ్లీ మళ్లీ పడటానికి సిద్ధంగా ఉన్నారు? దీనికి జవాబు దొరుకుతుంది. ఒక వారం కేటాయిస్తే చాలు.

ఎంచుకునే ముందు

1. రెండో ఏడాది పేపర్లు చదవండి.

యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో ప్రతి బ్రాంచ్ సిలబస్ పీడీఎఫ్ ఉంటుంది. అటానమస్ కాలేజీ అయితే ఆ కాలేజీ సైట్‌లో ఉంటుంది. ఉచితం. మొదటి ఏడాది పేజీలు దాటేయండి. మ్యాథ్స్, ఫిజిక్స్ లేదా కెమిస్ట్రీ, కొంత ప్రోగ్రామింగ్, డ్రాయింగ్, ఇంగ్లిష్... ఇవి దాదాపు అన్ని బ్రాంచ్‌లకూ ఉంటాయి. బ్రాంచ్ అసలు రూపం రెండో ఏడాదిలో బయటపడుతుంది.

ఈసీఈ అనగానే చాలామందికి సెల్‌ఫోన్లు, చిప్‌లు గుర్తొస్తాయి. రెండో ఏడాదిలో ఎదురయ్యేవి మాత్రం సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్, ప్రాబబిలిటీ, ఎలక్ట్రోమ్యాగ్నెటిక్ వేవ్స్. ఇంటర్‌లో ఇంటిగ్రేషన్, కాంప్లెక్స్ నంబర్లు వచ్చినప్పుడల్లా పేజీ తిప్పేసినవాళ్లకు ఇవి కొరకరాని కొయ్యలే. అవే లెక్కలు సరదాగా చేసినవాళ్లు ఇక్కడ హాయిగా సాగిపోతారు. ఈఈఈలో సర్క్యూట్లు, ఫీల్డ్స్, ఎలక్ట్రికల్ మెషీన్లు. మెకానికల్‌లో థర్మోడైనమిక్స్, ఫ్లూయిడ్ మెకానిక్స్, యంత్రభాగాల కదలికలు. సివిల్‌లో సర్వేయింగ్, స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్, కాంక్రీట్ టెక్నాలజీ. సీఎస్‌ఈలో డేటా స్ట్రక్చర్స్, డిస్క్రీట్ మ్యాథ్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్, డేటాబేస్‌లు.

సీఎస్‌ఈ, దాని పక్కన ఏఐ అండ్ ఎంఎల్, డేటా సైన్స్, సైబర్ సెక్యూరిటీ అని ఉన్న బ్రాంచ్‌ల విషయంలో ఇంకొంచెం ఓపిక పట్టండి. రెండు సిలబస్‌లూ పక్కపక్కన పెట్టుకుని ఒకే పేరున్న పేపర్లకు టిక్కు పెట్టండి. రెండో ఏడాది చివరిదాకా ఎక్కువ భాగం కలిసే ఉండటం చూస్తారు. అంత కొద్ది తేడా కోసం దూరపు కాలేజీకి, ఎక్కువ ఫీజుకు సిద్ధపడాలా? కాగితం మీద టిక్కులు చూశాక ఆ నిర్ణయం మీకే సులువవుతుంది.

డిగ్రీలో చేరేవాళ్లకు ఈ పని మరీ ముఖ్యం. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24లో డిగ్రీ కాలేజీలు మూడు సబ్జెక్టుల కాంబినేషన్ వదిలి సింగిల్ మేజర్ విధానానికి మారాయి. మునుపు ఒక సబ్జెక్టు నచ్చకపోయినా మిగతా రెండూ ఆదుకునేవి. ఒకే సబ్జెక్టు మేజర్ అయినప్పుడు సంవత్సరాల తరబడి ప్రధానంగా దానితోనే మీ సహవాసం. తెలంగాణలో దోస్త్ ద్వారా చేరేవాళ్లు కాలేజీ పేరుతో పాటు అక్కడిచ్చే సబ్జెక్టుల జాబితాను కూడా అంతే శ్రద్ధగా చూడాలి. ట్రిపుల్ ఐటీలుగా మనం పిలుచుకునే ఆర్‌జీయూకేటీ క్యాంపస్‌ల పిల్లలకు రెండేళ్ల పీయూసీ తర్వాత బ్రాంచ్ వస్తుంది. అంటే సీనియర్ల మధ్య తిరుగుతూ ఆలోచించుకోవడానికి రెండేళ్లు దొరికినట్టే. ఆ సమయాన్ని మార్కుల వెంట పరుగుకే పెట్టేయకండి.

2. ఒక్కో బ్రాంచ్‌తో రెండు సాయంత్రాలు గడపండి.

మీ జాబితాలో గట్టిగా నిలిచిన రెండు బ్రాంచ్‌లు తీసుకోండి. ఒక్కోదాంట్లో రెండో ఏడాది పేపర్ ఒకటి ఎంచుకోండి. ఐఐటీలు, ఐఐఎస్‌సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఎన్‌పీటీఈఎల్‌లో ఆ పేపర్ పాఠాలు ఉచితంగా దొరుకుతాయి. మొదటి సాయంత్రం తొలి పాఠం వినండి. సగం అర్థం కాదు, ఫర్వాలేదు. రెండో సాయంత్రం లైబ్రరీలోనో, సీనియర్ దగ్గరో ఆ పేపర్ పుస్తకం తెచ్చుకుని, మొదటి చాప్టర్‌లో చేసి చూపించిన లెక్క ఒకటి చదవండి. పుస్తకం మూసి అదే లెక్క మీ చేత్తో చేయండి.

ఇప్పుడు మిమ్మల్ని మీరు గమనించండి. ఎక్కడో ఆగిపోయి ఉంటారు. ఆగినప్పుడు చెయ్యి ఫోన్ మీదకు పోయిందా, కాసేపటికి మళ్లీ కాగితం మీదకే వచ్చిందా? ఆ తర్వాతి పేజీలో ఏముందో చూడాలనిపించిందా? అన్నం తినేటప్పుడు దాని గురించి ఎవరితోనైనా ఒక మాట అన్నారా? మార్కులు చెప్పలేని సంగతి ఈ మూడు ప్రశ్నలు చెబుతాయి.

సీఎస్‌ఈ అనుకుంటున్నవాళ్లు పది మంది మార్కులు తీసుకుని ర్యాంకుల వరసలో పేర్లు చూపించే చిన్న ప్రోగ్రాం రాసి చూడండి. తప్పకుండా ఎర్రర్ వస్తుంది. ఆ ఎర్రర్‌తో మీరు గడిపిన అరగంటే అసలు పరీక్ష. బీకాం అనుకుంటున్నారా? తెలిసిన కిరాణా కొట్టాయన్ని అడిగి ఒక వారం అమ్మకాలు, అరువులు, కొనుగోళ్లు రాసిపెట్టండి. వారం చివర లెక్క సరిపోలకపోతే ఆ తేడా ఎక్కడుందో పట్టుకునేదాకా నిద్రపట్టలేదా? అయితే కామర్స్ మీకు పనికొచ్చే చదువే. ఎకనామిక్స్ మేజర్ మీద మనసుంటే రాష్ట్ర బడ్జెట్ మీద పేపర్లో వచ్చిన రెండు పెద్ద వార్తలు తీసుకుని, అర్థం కాని ప్రతి మాట కిందా గీత గీసి, వాటి అర్థాలు వెతకండి.

3. మూడో ఏడాది వాళ్లను పట్టుకోండి.

మొదటి ఏడాది వాళ్లకు ఇంకా ఏమీ తెలియదు. చివరి ఏడాది వాళ్లకు ఉద్యోగం గోల. మూడో ఏడాది వాళ్లు సరైనవాళ్లు. అయితే "అన్నా, బ్రాంచ్ బాగుంటుందా?" అని అడగకండి. "బాగుంటుందిరా" అంటాడు, అంతటితో అయిపోతుంది. ఇలా అడగండి:

"అక్కా, మీ క్లాసులో ఎక్కువమందికి బ్యాక్‌లాగ్ పడే పేపర్ ఏది? ఎందుకు పడుతుంది?"

"ల్యాబ్‌లో పరికరాలు మిమ్మల్నే ముట్టుకుని చేయనిస్తారా, దూరం నుంచి చూపించి రికార్డు రాయిస్తారా?"

"నిన్న కాలేజీలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఏం చేశారు?"

"ఇప్పుడు మళ్లీ ఎంచుకోమంటే ఏది తీసుకుంటారు?"

ముగ్గురిని అడిగితే చాలు. ముగ్గురూ ఒకే పేపర్ పేరు చెప్పి భయపెడితే, రెండో సాయంత్రం లెక్క ఆ పేపర్లోంచే చేసి చూడండి.

4. ఆ డిగ్రీ దేనికి పనికిరాదో కూడా కనుక్కోండి.

పనికొచ్చేవి ఎలాగూ అందరూ చెబుతారు. యూపీఎస్‌సీ నిర్వహించే ఇంజినీరింగ్ సర్వీసెస్ పరీక్ష నాలుగు విభాగాల్లోనే ఉంటుంది: సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ అండ్ టెలికమ్యూనికేషన్. సీఎస్‌ఈ పేరుతో అందులో విభాగం లేదు. విద్యుత్ సంస్థల్లో, నీటిపారుదల శాఖలో ఇంజినీరు కావాలన్నది మీ ఇంటి కల అయితే, సంబంధిత బ్రాంచ్ లేకుండా ఆ నోటిఫికేషన్‌కు అర్హతే రాదు. టీచర్ కావాలనుకునేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. డిగ్రీలో చదివిన సబ్జెక్టును బట్టే బీఈడీలో మెథడాలజీ, దాన్ని బట్టే డీఎస్సీలో స్కూల్ అసిస్టెంట్ పోస్టు. ఇది డిగ్రీ పూర్తయ్యాక తెలిసి ఏడ్చే పిల్లలున్నారు.

మరోవైపు, గ్రూప్-1, గ్రూప్-2 లాంటివాటికి, సివిల్ సర్వీసెస్‌కు ఏ డిగ్రీ అయినా సరిపోతుంది. ఐసెట్ రాసి ఎంబీఏకి, లాసెట్ రాసి మూడేళ్ల ఎల్ఎల్‌బీకి వెళ్లడానికీ అంతే. "ఈ బ్రాంచ్ తీసుకుంటే జీవితం ఒకే దారి" అని ఎవరైనా అంటే నమ్మకండి.

5. ఆప్షన్లు మీకు నిజంగా కావలసిన వరసలోనే పెట్టండి.

ఇక్కడ జరిగే పొరపాటు ఎంత పెద్దదో, దాన్ని తప్పించుకోవడం అంత తేలిక. సీట్ల కేటాయింపు మీ జాబితాను పైనుంచి కిందకు చూస్తుంది. మీ ర్యాంకుకు, కేటగిరీకి అందుబాటులో ఉన్న మొదటి ఆప్షన్ దగ్గర ఆగుతుంది. అంటే పైన పెద్ద కాలేజీ పెట్టినంత మాత్రాన కిందవాటిలో మీ అవకాశం తగ్గదు. "ముందు వచ్చే సీటు పెడదాం, లేకపోతే ఏదీ రాదేమో" అనే భయంతో వచ్చే కాలేజీని మొదటి నంబరులో పెట్టినవాళ్లకు ఆ కాలేజీయే వస్తుంది. ఇంకా మంచి సీటుకు ర్యాంకు సరిపోయినా అంతే. కిందటి ఏడాది చివరి ర్యాంకుల పట్టిక కౌన్సెలింగ్ వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. దాన్ని అంచనాకు వాడుకోండి, భయపడటానికి వాడకండి. జాబితా చివర, సీటొచ్చినా చేరనని మీకు ఖాయంగా తెలిసిన కాలేజీలు నింపకండి. తర్వాతి విడతలో మళ్లీ ఆప్షన్లు పెట్టి సీటు మారితే పాత సీటు పోతుంది. ఉన్న సీటు కంటే నిజంగా ఇష్టమైనవే రెండోసారి పెట్టండి.

ఎక్కువమంది జారిపోయే చోట్లు

స్నేహితుడితో కలిసి ఉండాలని బ్రాంచ్ ఎంచుకోవడం. హాస్టల్లో నెల తిరగకముందే ఇద్దరికీ వేర్వేరు స్నేహాలు ఏర్పడతాయి, పేపర్లు మాత్రం నాలుగేళ్లుంటాయి.

కాలేజీ బోర్డు మీది ప్లేస్‌మెంట్ సంఖ్య చూసి మురిసిపోవడం. ఆ సంఖ్య ఆఫర్లదా, విద్యార్థులదా? ఒకే విద్యార్థికి మూడు ఆఫర్లు వస్తే మూడుగా లెక్కేస్తారా? మీరు చేరబోయే బ్రాంచ్‌లో ఎంతమంది? ఈ మూడూ అడిగితే లెక్క వేరుగా వినిపించవచ్చు.

న్యాక్ గ్రేడ్ చూసి ఊరుకోవడం. న్యాక్ కాలేజీ మొత్తానికి ఇస్తారు. ఎన్‌బీఏ గుర్తింపు ఒక్కో బ్రాంచ్‌కు విడిగా ఇస్తారు. మీకు కావలసిన బ్రాంచ్‌కు ఉందా లేదా అన్నది చూడాలి.

ఇక "మంచి కాలేజీలో నచ్చని బ్రాంచా, మామూలు కాలేజీలో నచ్చిన బ్రాంచా?" అన్నది. ప్రతి ఇంట్లో నలిగే ప్రశ్న కాబట్టి నా మాట చెప్పేస్తాను. రెండు సాయంత్రాల పరీక్షలో రెండు బ్రాంచ్‌లూ దగ్గరదగ్గరగా తేలితే కాలేజీ వైపు మొగ్గండి. మంచి ల్యాబులు, పాఠం చెప్పే మాస్టర్లు, చదివే తోటివాళ్లు ఉన్నచోట సగం పని తేలికవుతుంది. ఒక బ్రాంచ్ పేపర్లు చూస్తేనే మీకు ఊపిరాడకపోతే, ఎంత పెద్ద కాలేజీ అయినా ఆ పేపర్లు మీ బదులు రాయదు.

ఇంట్లో మాట్లాడటం

ఒక అమ్మాయిని ఊహించుకోండి. సివిల్ తీసుకోవాలనుంది. నాన్నకు ఇష్టం లేదు.

"సీఎస్‌ఈ తీసుకో తల్లీ. ఆడపిల్లవు, ఎండలో సైట్ల మీద ఎక్కడ తిరుగుతావు?"

"నాకు సివిలే ఇష్టం నాన్నా!"

"ఇష్టం కూడు పెడుతుందా?"

ఇక్కడ ఆమె గొంతు పెంచితే మాట అక్కడితో తెగిపోతుంది. ఆ తండ్రి అడిగిన ప్రశ్న వెనక ఉన్నది భయం. అప్పు చేసి చదివిస్తున్నాం, కూతురు నిలదొక్కుకోగలదా అన్న బెంగ. బెంగకు సమాధానం వివరాలతోనే చెప్పాలి. అదే అమ్మాయి మర్నాడు ఒక కాగితంతో కూర్చుందనుకుందాం:

"నాన్నా, నిన్న మీరడిగింది ఆలోచించాను. సివిల్‌లో సైటు ఒక్కటే కాదు, డిజైన్ ఆఫీసులున్నాయి, ప్రభుత్వ ఇంజినీరు ఉద్యోగాలున్నాయి. ఇదిగో, ఏఈఈ నోటిఫికేషన్‌లో అర్హత చూడండి. కిందటేడు ఈ కాలేజీ సివిల్లో చేరినవాళ్ల చివరి ర్యాంకు ఇది. మూడో ఏడాది చదివే అక్కతో మాట్లాడాను, మీరూ మాట్లాడండి, నంబరు ఇస్తాను. రెండు బ్రాంచ్‌ల లెక్కలూ చేసి చూశాను. ఇది ఆగకుండా చేయగలిగాను."

నాన్న ఒప్పుకుంటారని హామీ ఇవ్వలేను. కానీ సంభాషణ మారుతుంది. పట్టుదల మీద జరిగిన వాదన వివరాల మీదకు వస్తుంది. మీ ఇంట్లోనూ "ఇష్టం" అనే మాటను కాసేపు పక్కన పెట్టి, చేసి చూసిన పని గురించి చెప్పండి. ఒకవేళ ఇంటి పరిస్థితి వల్ల వాళ్లు చెప్పిందే తీసుకోవలసి వస్తే? అప్పుడు కూడా కథ ముగియదు. ఈ అధ్యాయంలో మిగిలిన భాగం మీకోసమే.

చేరాక చదవబుద్ధి కాకపోతే

మొదటి సెమిస్టర్ మధ్యలో చాలామందికి ఒక అనుమానం వస్తుంది. "ఇంటర్లో అంత చదివినవాణ్ని, ఇప్పుడు పుస్తకం ముట్టబుద్ధి కావట్లేదు. బ్రాంచ్ తప్పు ఎంచుకున్నానా?"

తొందరపడకండి. ఇంటర్ రెండేళ్లూ మిమ్మల్ని చదివించింది ఏమిటో ఒకసారి గుర్తు చేసుకోండి. తెల్లవారకముందే స్టడీ అవర్. రాత్రి పదింటిదాకా మళ్లీ స్టడీ అవర్. వారం వారం పరీక్ష, దాని మీద ర్యాంకు, దాని మీద సెక్షన్ మార్పు. ఫోన్ చేతిలో లేదు. పక్కన వార్డెన్ నిలబడి ఉన్నారు. బీటెక్‌లో అడుగు పెట్టగానే ఇవన్నీ ఒక్కసారిగా మాయమయ్యాయి. క్లాసు ఎగ్గొట్టినా ఎవరూ ఇంటికి ఫోన్ చేయరు. చదువు ఆగింది బ్రాంచ్ వల్ల కాదు, చదివించే ఏర్పాటు పోవడం వల్ల. సొంతంగా కూర్చునే అలవాటు మీకు ఎవరూ నేర్పలేదు. ఇది మీ లోపం కాదు, మన చదువుల తీరులోని లోపం. అయితే సరిదిద్దుకోవలసింది మాత్రం మీరే.

ఇంకో అపోహ కూడా ఉంది. ఆసక్తి ముందు పుట్టాలి, ఆ తర్వాత చదువు సాగాలి అనుకుంటాం. ఎక్కువసార్లు జరిగేది దీనికి తలకిందులుగా ఉంటుంది. చేతిపంపు కొట్టేటప్పుడు మొదటి నాలుగు దెబ్బలకు గాలే వస్తుంది. అక్కడ వదిలేసినవాళ్లు పంపులో నీళ్లు లేవనుకుంటారు. కొత్త సబ్జెక్టుతో మొదటి వారాలు అలాంటివి.

సి.ఆర్. రావు గారి సంగతి తెలుసుకోండి. 1920లో పుట్టారు. గూడూరు, నూజివీడు, నందిగామల్లో బడి చదువు, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఏ. యుద్ధకాలంలో ఒక ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లారు. ఆ ఉద్యోగం రాలేదు. బస చేసినచోట పరిచయమైన ఒక యువకుడి ద్వారా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ గురించి విని, వెళ్లి చూసి, 1941లో అక్కడ శిక్షణకు చేరారు. అంటే స్టాటిస్టిక్స్ ఆయన చిన్ననాటి కల కాదు. ఉద్యోగం దొరకని రోజుల్లో ఎదురైన దారి. చేరాక అందులో మునిగిపోయారు. 1945లో రాసిన ఒక పరిశోధన పత్రంతో క్రామర్-రావు బౌండ్ అనే పేరు ఈనాటికీ ప్రపంచమంతటా పాఠ్యపుస్తకాల్లో నిలిచింది. 2023లో అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి ఆయన్ను వరించింది. ఎనిమిది దశాబ్దాల ఆ అనుబంధం మొదలైంది "నాకిదే ఇష్టం" అన్న మాటతో కాదు, వెళ్లి పని మొదలుపెట్టడంతో.

మరి మీరు ఎలా మొదలుపెట్టాలి?

6. రోజుకు ఒక గంట, ఒకే చోట, ఒకే వేళ.

ఆరు గంటల టైమ్‌టేబుల్ రాసి గోడకు అంటించకండి. అది రెండో రోజే తప్పుతుంది, తప్పగానే మొత్తం వదిలేస్తారు. హాస్టల్ గదిలో మంచం మీద కూడా వద్దు. లైబ్రరీలో ఒక కుర్చీ, సాయంత్రం ఒక గంట. ఫోన్ బ్యాగులో. ఆ గంటలో ఆ రోజు క్లాసులో చెప్పింది మాత్రమే చదవండి. ఒక రోజు తప్పితే మర్నాడు రెండు గంటలు కూర్చుని పూడ్చకండి, ఎప్పటి గంటే కూర్చోండి.

7. చదివాక పుస్తకం మూసి రాయండి.

నాలుగుసార్లు చదివితే వచ్చినట్టే అనిపిస్తుంది. అది కళ్లకు అలవాటైన పేజీ, అంతే. పుస్తకం మూసి, గుర్తున్నది ఒక తెల్ల కాగితం మీద రాయండి. బొమ్మ గీయండి. లెక్క మొదటి లైను నుంచి చేయండి. ఎక్కడ ఆగిపోయారో అక్కడే మీకు రానిది ఉంది. పుస్తకం తెరిచి ఆ ముక్క మాత్రం చూసుకోండి. ఇది మొదట్లో చిరాకు పుట్టిస్తుంది. రెండు వారాలు చేసి చూడండి. "వచ్చు" అనే మాటకు అర్థం తెలుస్తుంది, ఆ రుచి తెలిశాకే ఇష్టం మొలకెత్తడం మొదలవుతుంది.

పరీక్ష ముందు రాత్రి గైడు తిరగేసి పాసయ్యే పద్ధతి మీద నా అభ్యంతరం ఇదే. మార్కులు వస్తాయి, కాదనను. కానీ ఎనిమిది సెమిస్టర్లూ అలా గడిపినవాళ్లకు ఒక్క సబ్జెక్టూ అర్థమైన ఆనందం దొరకదు. తర్వాత వాళ్లే "నాకు ఈ బ్రాంచ్ మీద ఇంట్రెస్ట్ లేదు" అంటారు. ఇంట్రెస్ట్ పుట్టడానికి అవకాశం ఎక్కడిచ్చారు?

8. పాఠాన్ని మీ ఊరి పనితో కలపండి.

ఈఈఈలో చేరారా? ఇంటి కరెంటు బిల్లు తీసుకోండి. ఫ్యాను, ఫ్రిజ్, మోటారు వాట్లు రాసి, ఎన్ని గంటలు నడిచాయో లెక్కేసి, యూనిట్లు బిల్లుతో సరిపోతున్నాయో చూడండి. సివిల్ అయితే మీ వీధిలో స్లాబ్ వేసే రోజు మేస్త్రీ పక్కన నిలబడండి. సిమెంటు, ఇసుక, కంకర ఏ పాళ్లలో కలుపుతున్నారు? నీళ్లు ఎంత పోస్తున్నారు? తర్వాత ఎన్ని రోజులు తడుపుతున్నారు? ఆ జవాబులతో కాంక్రీట్ పాఠం తెరిస్తే అది వేరే పాఠంలా ఉంటుంది. సీఎస్‌ఈ వాళ్లు 75 శాతం హాజరు దాటాలంటే ఇంకా ఎన్ని క్లాసులకు వెళ్లాలో చెప్పే చిన్న ప్రోగ్రాం రాసి క్లాసు గ్రూపులో పెట్టండి. అందరూ వాడతారు. నలుగురూ వాడే వస్తువు మీ చేత్తో తయారైందంటే, మర్నాడు పుస్తకం తెరవడానికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

9. ఒక మాస్టారు, ఒక తోడు.

అందరు లెక్చరర్లూ గొప్పగా చెప్పరు. కానీ ప్రతి డిపార్ట్‌మెంట్‌లో ప్రశ్న అడిగితే సంతోషించేవాళ్లు ఒకరైనా ఉంటారు. వాళ్లెవరో సీనియర్లకు తెలుసు. క్లాసయ్యాక ఒక్క సందేహంతో వెళ్లండి: "సార్, ఈ స్టెప్ దాకా చేశాను, ఇక్కడ ఆగిపోయాను." ఏమీ చేయకుండా "అర్థం కాలేదు సార్" అనడానికీ, దీనికీ చాలా తేడా ఉంది. తోడు విషయానికొస్తే, మీకంటే కొంచెం బాగా చదివేవాళ్లతో వారానికి ఒకసారి కూర్చోండి. మీకు వచ్చింది వాళ్లకు చెప్పండి.

10. బ్యాక్‌లాగ్ పడితే దాచకండి.

ఒక పేపర్ పోయినంత మాత్రాన బ్రాంచ్ తప్పని కాదు, మీరు పనికిరారనీ కాదు. సప్లిమెంటరీ ఉంది. ఆ పేపర్‌ను తర్వాతి సెమిస్టర్ వారపు గంటల్లో ఇప్పుడే చేర్చుకోండి. కూడబెట్టుకుంటూ పోతే క్రెడిట్లు తగ్గి డిటెయిన్ అయ్యే ప్రమాదం ఉంటుంది. ఇంట్లో ముందే చెప్పండి. చివర్లో తెలిసినప్పుడు వాళ్లను ఎక్కువ బాధించేది పేపర్ పోవడం కంటే మీరు దాచడమే.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. చదవబుద్ధి కాకపోవడం వేరు, బతకబుద్ధి కాకపోవడం వేరు. వారాల తరబడి నిద్ర లేకపోయినా, తిండి సహించకపోయినా, చనిపోవాలన్న ఆలోచన వచ్చినా ఈ అధ్యాయంలోని చిట్కాలు పక్కన పెట్టండి. వెంటనే నమ్మకమైన మనిషికి చెప్పండి. కేంద్ర ప్రభుత్వ టెలీ-మానస్ నంబరు 14416. ఉచితంగా, ఏ వేళలోనైనా, తెలుగులో మాట్లాడవచ్చు. పోతే పోయేది ఒక సీటు. మీరు ఉంటే దారులు చాలా ఉన్నాయి.

నిజంగానే బ్రాంచ్ సరిపడకపోతే

పైన చెప్పినవన్నీ రెండు సెమిస్టర్లు మనస్ఫూర్తిగా చేశారు, అయినా ఆ పేపర్లు మీకు అంటడం లేదు. అప్పుడేం చేయాలి? ముందు, సెమిస్టర్ మధ్యలో నిర్ణయం తీసుకోకండి. మిడ్ పరీక్ష పోయిన రాత్రి వచ్చే ఆలోచన నిర్ణయం కాదు. సెలవుల్లో, ఇంట్లో, కడుపునిండా తిన్నాక ఆలోచించండి.

దారులున్నాయి. ఏఐసీటీఈ నమూనా పాఠ్యప్రణాళిక ప్రకారం మామూలు బీటెక్‌కు అదనంగా 18 నుంచి 20 క్రెడిట్లు చేస్తే మరో విభాగంలో మైనర్ డిగ్రీ తీసుకోవచ్చు. మెకానికల్ చదువుతూ కంప్యూటర్ సైన్స్ మైనర్ చేయవచ్చు. ఓపెన్ ఎలక్టివ్‌లున్నాయి. గేట్‌లో మీ బ్రాంచ్ కాని పేపర్ కూడా రాయవచ్చు. 2024 నుంచి డేటా సైన్స్ అండ్ ఏఐ పేపర్ కూడా చేరింది. అయితే ఆ స్కోరుతో ఏ ఎంటెక్‌లో చేర్చుకుంటారన్నది ఒక్కో సంస్థది ఒక్కో నిబంధన, ముందే చదువుకోండి. మైక్రోసాఫ్ట్ సీఈఓ సత్య నాదెళ్ల మణిపాల్‌లో చదివింది ఎలక్ట్రికల్ ఇంజినీరింగే. కంప్యూటర్ సైన్స్ ఆ తర్వాత అమెరికాలో మాస్టర్స్‌లో చదివారు. డిగ్రీ చదివేవాళ్లకు పీజీ ప్రవేశ పరీక్షల్లో, ఐసెట్‌లో మలుపు తీసుకునే వీలుంది. ఎంసీఏ వైపు చూసేవాళ్లు ఇంటర్‌లోనో డిగ్రీలోనో గణితం ఉండాలా అన్న నిబంధన చూసుకోవాలి.

అన్నీ మానేసి మొదటి నుంచి వేరే కోర్సులో చేరడం ఆఖరి దారి. అది తప్పు అనను, కొందరికి అదే సరైనది. కానీ ఫీజు రీయింబర్స్‌మెంట్ రెండోసారి వస్తుందా, వయసు పరిమితులు ఏమిటి, సర్టిఫికెట్లు వెనక్కి ఇవ్వడానికి కాలేజీ ఏమడుగుతుంది అన్నవి కాగితం మీద తేలాకే టీసీ మాట ఎత్తండి.

చాలామందికి సరిపోయేది మైనర్ దారే. రెండో ఏడాది మొదట్లో దాని రిజిస్ట్రేషన్ నోటీసు ఎప్పుడు వస్తుందో, ఎంత సీజీపీఏ అడుగుతారో, బ్యాక్‌లాగ్ ఉంటే అనుమతిస్తారో లేదో ఆఫీసులో కనుక్కోండి. నోటీసు వచ్చేదాకా ఆగకుండా, రెండు సాయంత్రాలు మీరు చేసి చూసిన లెక్కల కాగితాలు పట్టుకుని ఆ డిపార్ట్‌మెంట్ హెచ్‌ఓడీ గారిని కలవండి. "సార్, ఈ సబ్జెక్టు నేను ఇంతవరకు సొంతంగా చేశాను. మైనర్‌లో చేరితే మొదట ఏ పేపర్ తీసుకోవాలి?" అని అడగండి.